నత్తకు కక్కులు కొట్టాను

మొన్న కోరుట్లలో ఒక ఫంక్షన్‌హాలు గేటు పక్కన నేను కక్కు కొట్టిన రోలు కనబడింది. దాంట్లో మట్టి నింపి బంతి మొక్క పెట్టారు. లోపలి గాట్లన్నీ మట్టి కింద పోయాయి గానీ అంచు మీద నాలుగు మిగిలాయి. చూడగానే నావే అని తెలిసింది. నాది ఎడమచేతి వాటం. అందరి గాటు కుడికి వాలితే నా గాటు ఎడమకు వాలుతుంది. కోరుట్ల నుంచి జగిత్యాల దాకా, ఇటు రాయికల్ సంత దాకా, ఏ రోలు చూపించినా అది నేను కొట్టిందో కాదో చెప్పగలను. ఈ విద్యతో ఇప్పుడు ఏం చేసుకోవాలో మాత్రం చెప్పలేను.

నేను నోటితో చెప్తున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు. నాకు సంతకం వరకే వచ్చు. అది కూడా పక్కన నిలబడి తొందరపెడితే రాదు. కొత్తగా పనుల్లోకి పోతున్న పిల్లలారా, ఇది మీకు పనికొస్తుందని చెప్పడం లేదు, నవ్వుకుంటారని చెప్తున్నాను. నాకు బాగా వచ్చిన పనే నన్ను ఒకసారి నడిరోడ్డు మీద నిలబెట్టింది. మాటవరసకు కాదు. నిజంగానే నడిరోడ్డు, కోరుట్ల హైవే.

కక్కు కొట్టడం అంటే ఏమిటో మీలో సగంమందికి తెలియదు కాబట్టి చెప్తాను. రోలైనా, విసుర్రాయైనా వాడగా వాడగా నున్నగా అయిపోతుంది. నున్నటి రాయి మీద పప్పు జారుతుంది గానీ నలగదు. అప్పుడు నన్ను పిలిచేవాళ్లు. ఉలి ఆనించి సుత్తెతో వరసగా చిన్న చిన్న గాట్లు పెట్టి రాయిని మళ్లీ గరుకు చేసేదాన్ని. మా ఆయన ఉన్నప్పుడు ఆయన కొత్త రోళ్లు చెక్కేవాడు, నేను పాతవాటికి కక్కులు కొట్టేదాన్ని. ఆయన పోయాడు. కొత్తవి ఆయనతో పోయాయి, పాతవి నాకు మిగిలాయి. ఆ తర్వాత ఇంటింటికీ మిక్సీ వచ్చింది. నేను వాడకట్టులో “రోళ్లకు కక్కులు కొడ్తం” అని గొంతు చించుకుంటే కొందరు లోపలి నుంచే మిక్సీ తిప్పి వినిపించేవాళ్లు. నోటితో పొమ్మంటే బాగుండదని కాబోలు.

జగిత్యాలలో టవర్ దగ్గరి సందులో ఒక గడియారాల సాబు ఉండేవాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు. చేతి గడియారాలు విప్పి, దుమ్ము తీసి, మళ్లీ నడిపించడం ఆయన పని. నాకు మిక్సీ ఎట్లానో ఆయనకు సెల్‌ఫోను అట్లా. టైము అందరికీ ఫోనులోనే కనబడుతుంటే గడియారం ఎవరు తెస్తారు? ఆయన భార్య మాత్రం మసాలా రాతి మీద నూరితేనే కూర అనేది. అందుకే ఆ సందులో నన్ను పిలిచే ఇల్లు అదొక్కటే మిగిలింది.

ఒకరోజు నేను వాళ్ల రోలు ముగించి ఉలులు సంచిలో వేసుకుంటుంటే సాబు బయటికి వచ్చాడు. ఒక కంటికి నల్లటి డిప్ప లాంటి భూతద్దం ఇంకా అట్లాగే ఉంది. నన్ను చూడలేదు, నా ఉలుల్ని చూశాడు.

“గీ సన్న ఉలి ఎంత సన్నం కొడ్తది చెల్లె?”

“మీకు ఎంత సన్నం గావాలె సాబు?”

“గోటి కింది మట్టి తీసేటంత.”

లోపలికి పోయి ఒక రాయి తెచ్చాడు. జొన్నసంకటి ముద్దంత ఉంది. దాని పక్కన ఒకచోట వంపు తిరిగిన గీతలు కొన్ని బయటికి కనిపిస్తున్నాయి.

“దీని లోపట నత్త ఉన్నది. దానికి దెబ్బ తాకకుంట పైరాయి తియ్యాలె.”

“తీసి ఏం జేస్తరు సాబు? కూరొండుతరా?”

సాబు నోరు తెరిచే లోపల ఇంట్లోంచి ఆయన భార్య అందుకుంది. “కూరొండినా బాగుండు చెల్లె. ఒక్క పూటకు అయిపోవు. గివి అయిపోతలెవ్వు, ఇంట్ల కాలు పెట్ట జాగ లేదు.”

అప్పుడు చూశాను. గడియారాలు ఉండాల్సిన అద్దాల బీరువాలో రాళ్లు. చుట్టుకున్న పాములా ఒకటి, మెలితిరిగిన కొమ్ములా ఒకటి, బటన్ అంతది ఒకటి. అన్నిటి మీదా నడిమధ్య నుంచి బయటికి చుట్టలు తిరిగిన చారలు. సాబు వాటికి ఇంగ్లీషు పేరు చెప్పాడు, అమ్మోనైట్ అని. నాకు నోరు తిరగలేదు, నత్త అనే అన్నాను. అసలు నత్త కాదట, నత్తకు దూరపు చుట్టమట, సముద్రంలో ఈదేదట. గుజరాత్‌లో కచ్ అనే చోట ఒకప్పుడు సముద్రం ఉండేదట. చచ్చిన జీవి బురదలో కూరుకుపోయి, బురద రాయై, జీవి కూడా రాయై మిగిలిందట. మొదటిసారి ఒక లారీ డ్రైవరు గడియారం బాగుచేయించుకుని పోతూ ఇట్లాంటి రాయి బల్ల మీద మరిచిపోయాడు. అప్పటి నుంచి సాబుకు ఇదే షోకు. చిన్నవాటిని తన గడియారం సూదులతో, పళ్ల బ్రష్షుతో తానే శుభ్రం చేసుకునేవాడు. గట్టి రాయిని తీయడం మాత్రం సూదుల వల్ల కాలేదు.

రాయి నా చేతికిచ్చాడు. రాళ్లు నాకు తెలియనివా అనుకున్నాను. ఒక్క దెబ్బ కొట్టాను. నత్త మూడు ముక్కలైంది.

నేను సుత్తె పక్కన పెట్టి లేవబోయాను. సాబు నేల మీద కూర్చుని పొట్టు కూడా వదలకుండా గడియారం డబ్బాలోకి ఎత్తాడు.

“ఒక్క దెబ్బకు ఒకటిని మూడు జేసినవ్ చెల్లె. బర్కత్ ఉన్న చెయ్యి.”

తిట్టాడా, మెచ్చుకున్నాడా అని కోరుట్ల బస్సు దిగేదాకా ఆలోచించాను. ఆయన మాత్రం ఆ ముక్కల్ని గమ్ముతో అతికించి, మళ్లీ వారం రమ్మన్నాడు. రెండోదాన్ని విరగగొట్టలేదు. చింతపండు పెట్టి తోమాను. ఇత్తడి చెంబులు తళతళలాడేది దాంతోనే కదా. రాయి మీద సన్నగా నురుగు వచ్చింది. నాకు సంబరమైంది, మురికి పోతున్నదనుకున్నాను. సాబు దుకాణంలోంచి ఉరికొచ్చి చెంబుడు నీళ్లు గుమ్మరించాడు. ఆ రాయికి పులుపు పడదట, పులుపు తగిలితే కరిగిపోతుందట. అంత గట్టి సముద్రపు జీవి, నా చింతపండుకు ఓడిపోయింది.

అయినా ఆయన నన్ను వదల్లేదు, నేను ఆ పనిని వదల్లేదు. మెల్లగా చెవికి పట్టుబడింది. పైరాయి మీద కొడితే ఒక చప్పుడు, నత్త దగ్గరికి వచ్చేసరికి ఇంకొక చప్పుడు, కొంచెం బోలుగా. ఆ చప్పుడు రాగానే సుత్తె ఆపి సూది పట్టాలి. ఒక్కోసారి పైరాయి పెంకులా ఊడిపడేది, కింద చారలు కడిగినట్టు కనబడేవి. మొదటి కాన్పులో మంత్రసాని బిడ్డను పైకెత్తి చూపించినప్పుడు కూడా నేను అంత నోరు తెరవలేదు. షోకు నాకూ అంటుకుంది. సాబు వద్దన్న విరిగిన ముక్కలు తెచ్చి మా ఇంటి కిటికీలో పేర్చాను.

మా బిడ్డ ఇంట్లోనే బీడీలు చుట్టేది. కిటికీ వెలుతురు ఆమెకు కావాలి. “ఊరోళ్లు రాళ్లు దెస్తె ఇండ్లు కట్టుకుంటరు. మా అవ్వ రాళ్లు దెస్తె వెలుగుకు అడ్డం పెడ్తది” అనేది చుట్టుపక్కల వాళ్లు వినేటట్టు.

సిరిసిల్ల మగ్గాలకు గుజరాత్ వైపు నుంచి నూలు లారీలు వస్తాయని, డ్రైవర్లు టైర్ల కింద అడ్డం పెట్టే రాళ్లు ఆ దారిలోనే ఏరుకుంటారని సాబే చెప్పాడు. ఇక చూడండి నా తిరుగుడు. సిరిసిల్లలో రోళ్లకు కక్కులు కొడతానని చెప్పి బస్సెక్కడం, నూలు గోదాముల ముందు లారీల కిందికి దూరడం. నెత్తిన కొంగు, చేతిలో సంచి, టైరు పక్కన గొంతుక్కూర్చున్న ముసలిది. చూసినవాళ్లు ఏమనుకున్నారో వాళ్లనే అడగాలి.

అట్లాంటి ఒకరోజు తలకాయ టైరు పక్కన పెట్టి చూస్తుంటే పైనుంచి కేక.

“ఏయ్ అవ్వా! టైరు కింద ఏం జేస్తున్నవే? బండి కదిలితె నా మెడకు సుట్టుకుంటవ్!”

“బండిని ముట్టలె బిడ్డా. రాయిని చూస్తున్న.”

డ్రైవరు కిందికి దిగి తాను కూడా గొంతుక్కూర్చున్నాడు. జొన్నరొట్టె అంత వెడల్పు రాయి. ఒక పక్క అంచు వెంబడి పెద్ద చుట్ట తిరిగి ఉంది, టైరు రాపిడికి నున్నగా అరిగింది. మిగతా చుట్టలన్నీ ఇంకా రాయిలోనే ఉన్నాయి. రెండో పక్క అయితే ఉత్త రాయే, ఏమీ కనబడదు. కొంగుతో దాని దుమ్ము తుడిచాను.

“గీ రాయి ఇయ్యి బిడ్డా.”

“ఇస్తె బండికి ఏం బెట్టాలె, నిన్ను బెట్టాలెనా? రెండేండ్ల సంది నాతోని తిరుగుతున్నది గిది. వేరే రాయి దే, తీస్కపో.”

మరుసటి వారం మా ఇంటి రోట్లో నూరే పొత్రం మోసుకుని మళ్లీ సిరిసిల్ల పోయాను. అంత మంచి రాయి నా దగ్గర ఇంకొకటి లేదు. డ్రైవరు దాన్ని అటూ ఇటూ దొర్లించి చూశాడు.

“గుండ్రంగున్నది గదనే. గిది బండికంటె ముందుగాల ఉరుకుతది.”

అక్కడే కూర్చుని, సొంత పొత్రాన్ని సొంత ఉలితో ఒక పక్క ఏటవాలుగా చెక్కి, టైరుకు అడ్డురాయి చేసి ఇచ్చాను. నా జన్మలో అంత చక్కగా ఒక వస్తువును పాడుచేయడం అదే మొదటిసారి. రెండోసారి సంగతికే వస్తున్నాను.

ఆ రాయి ముందు పెడితే సాబు దుకాణం మూసి దాని ముందే కూర్చున్నాడు. భార్య అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయింది. చివరికి ఆయన కంటి డిప్ప తీసి తుడుచుకుంటూ చెప్పాడు. చక్కెర జబ్బు ఆయన ఎడమ కన్ను ఎప్పుడో తినేసిందట. ఇప్పుడు కుడి కంటికి కూడా పైనుంచి పరదా దిగుతున్నదట. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేస్తామన్నారు, చూపు వస్తుందో పోతుందో చెప్పలేమన్నారు.

“ఇంత పెద్దది నాకు ఎన్నడు దొరకలె చెల్లె. ఆపరేషన్‌కు పోయేలోపట గీ ముఖం మీదిది పూరా బయటికి తియ్యి. కన్ను మల్ల అస్తదో రాదో. ఒక్కసారి పూరా చూసుకొని పోత.”

“తీస్త సాబు” అన్నాను. నోటికి ఏం పని, అంటుంది.

అప్పటికే తెలంగాణ కోసం ఊళ్లన్నీ ఊగుతున్నాయి. రోజు మార్చి రోజు బందు. దుకాణం ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో తెలియక, రాయిని నువ్వే ఇంటికి తీసుకుపోయి చెయ్యి అన్నాడు సాబు. కోరుట్లకు తెచ్చుకున్నాను. ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు బందు, బడులు బందు, బస్సులు బందు. ఒకసారి రాయిని సంచిలో వేసుకుని ఏదో ఒక బండి మీద జగిత్యాల వస్తానంటే సాబు ఫోనులోనే భయపడ్డాడు.

“రాళ్ల సంచితోని రోడ్డెక్కకు చెల్లె! అండ్ల నత్త ఉన్నదంటె పోలీసోళ్లు ఇంటరా? నేనే ఎట్లనో అట్ల అస్త.”

బొగ్గు బావులు కూడా సమ్మెలో చేరాయి. బొగ్గు లేక కరెంటు పోయింది. అందరూ కరెంటు పోయిందని ఏడుస్తుంటే నాకు వెలుగొచ్చింది. ఎందుకంటే మిక్సీలు మూగబోయాయి. గోడల వెనకాల, కోళ్లగూళ్ల కింద పడి ఉన్న రోళ్లను జనం బయటికి తీశారు. అన్నీ నున్నగా, నాచుపట్టి ఉన్నాయి. నా ముందర మిక్సీ తిప్పి వినిపించిన ఒకామె స్వయంగా మా గడపకు వచ్చింది.

“జర మా రోలు చూడరాదు అవ్వా.”

“మిక్సీ పాడైందా బిడ్డా?” అన్నాను, అమాయకంగా ముఖం పెట్టి.

తెలంగాణ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గానీ నాకైతే వచ్చేసినట్టే ఉండేది. పొద్దున లేస్తే రోళ్లు. ఒక వాడ ముగిస్తే ఇంకొక వాడ. ఊరి రోళ్లన్నిటికీ పదును వచ్చింది, మా ఇంట్లో మాత్రం మిరపకాయ దంచడానికి పొత్రం లేదు. మా బిడ్డ కారం గిన్నె పట్టుకుని పక్కింటికి పోతూ గడపలో నిలబడి, “సిరిసిల్ల లారీ ఎప్పుడు అస్తదో కనుక్కొని చెప్పు అవ్వా, గప్పుడు తొక్కు నూరుత” అని పోయేది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని నత్త ముందు కూర్చునేదాన్ని. సాబుకిచ్చిన మాట తప్పకూడదని దాన్ని ఒక్కరోజు కూడా విడవలేదు. ఆ పని బాగానే చేశాను, అది ఒప్పుకోవాలి. లోపలి చుట్టలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. రాయిలో దాగి ఉన్నవి కదా, నిన్న పుట్టినట్టున్నాయి. ఒక్కో చార సూదితో గీసినట్టు. నడిమధ్య బొడిపె ఆవగింజంత. చివరికి మొత్తం బయటికొచ్చింది. రేపు వస్తున్నా, ఎల్లుండి హైదరాబాద్ పోతున్నా అని సాబు ఫోను చేశాడు.

రాయిని కడిగి, ఎండలో పెట్టి, దూరంగా జరిగి చూశాను. లోపలి చుట్టలు పదునుగా ఉన్నాయి. బయటి పెద్ద చుట్ట మాత్రం నున్నగా, చప్పగా ఉంది. అయ్యో, అరిగిపోయింది పాపం అనిపించింది. అనిపించిందో లేదో కూడా సరిగ్గా తెలియదు. ఆ రోజు పొద్దున ఎన్ని రోళ్లు కొట్టి వచ్చానో, చేయి ఇంకా ఆ ఊపులోనే ఉంది. ఉలి ఎప్పుడు ఎత్తానో గుర్తు లేదు. టక టక టక. చుట్ట పొడుగునా వరసగా, లోపలి చారలు ఎంత దూరం దూరంగా ఉన్నాయో అంతే దూరంలో, ఒకటి తప్పకుండా కొట్టుకుంటూ పోయాను. ముగిశాక ఊదాను. బొటనవేలితో తడిమి చూసుకున్నాను. పప్పు వేస్తే వెన్నలా మెదుగుతుంది, అంత గరుకుగా వచ్చింది. నన్ను నేనే మెచ్చుకుని, టీ పెట్టుకుని తాగాను.

మరునాడు కోరుట్ల హైవే మీద వంటావార్పు. అంటే బండ్లు పోకుండా రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరూ తినడం. రోడ్డు పొడుగునా మూడు రాళ్ల పొయ్యిలు, గంజి పొంగే గుండిగలు, ఒక పక్క డప్పు, ఒక పక్క ఆడవాళ్ల పాట. పచ్చడి నూరడానికి నా చేతి రోళ్లు వరసగా పెట్టారు. వాటి మధ్యలో నేను పెద్దమనిషిలా కూర్చున్నాను. నత్తను శుభ్రమైన తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి సాబు వచ్చాడు. అల్లుడి మోటరుసైకిలును ఊరి మొదట్లోనే ఆపేశారట. అల్లుడి భుజం పట్టుకుని పొయ్యిల మధ్యలోంచి మెల్లగా నడిచి వస్తున్నాడు. ఒక గుండిగకు తగలబోతే ఎవరో చేయిపట్టి పక్కకు తప్పించారు. నేను అనుకున్నదానికంటే పరదా కిందికే దిగింది.

తువ్వాల విప్పాను. చుట్టూ ఆడవాళ్లు మూగారు.

“ఓ అక్కా, చక్రం జూడరాదు! సాలగ్రామమే గిది!”

ఒకామె పొయ్యికి పెట్టగా మిగిలిన కుంకుమ తెచ్చి నత్త నడుమ బొట్టు పెట్టి దండం పెట్టింది. సాబు ఆమె దండం అయ్యేదాకా ఆగాడు.

“తల్లీ, బొట్టు జర పక్కకు పెట్టున్రి. గాడనే మొదలైతది నత్త.”

కుంకుమ తుడిచి, రాయిని ఎండకు తిప్పి, కంటికి డిప్ప పెట్టుకున్నాడు. ముక్కు రాయికి తగిలేటంత దగ్గరికి వంగాడు. నడుమ నుంచి మొదలుపెట్టి చుట్ట వెంబడి బయటికి వస్తున్నాడు. “మాషా అల్లా” అన్నాడు. ఇంకొంచెం దూరం వచ్చి మళ్లీ అన్నాడు. నేను చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూశాను, విన్నారా అన్నట్టు.

బయటి చుట్ట దగ్గరికి వచ్చాడు. ఆగాడు. కొంచెం వెనక్కి పోయి మళ్లీ వచ్చాడు. మళ్లీ ఆగాడు.

“చెల్లె.”

“సాబు.”

“గీ సుట్టుకు ఏమైంది?”

“అరిగిపోయి ఉండె సాబు. జర పదును పెట్టిన.”

ఆయన రాయి మీద నుంచి కన్ను తీయలేదు. “నత్తకు చారలన్ని ముందటికి వాలుతయి. గివి ఎనక్కి వాలినయి.”

“నాది ఎడమ చెయ్యి గద సాబు.”

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఆయన అరిగిన చారల్ని అరిగినట్టే చూడాలని వచ్చాడు. ఆ జీవి మీద ఆ జీవి గీసుకున్న గీతలు ఎన్ని మిగిలితే అన్ని. నేను వాటిని చెరిపి నావి పెట్టాను. పోతూపోతూ ఆ కన్ను చూడబోయేది సముద్రపు జీవిని కాదు, నా రోలును.

సాబు కంటి డిప్ప తీసి దాని డబ్బాలో పెట్టాడు. డబ్బా జేబులో పెట్టాడు.

“పని మంచిగ జేసినవ్ చెల్లె. గిది రోలైతె.”

అంతే అన్నాడు. అరిస్తే బాగుండేది, నేను కూడా అరిచేదాన్ని. నాకు వచ్చింది అదే కదా. ఎవరో విస్తరాకులో అన్నం, పచ్చడి పెట్టిచ్చారు. రోడ్డు మీద కూర్చుని మర్యాదకు నాలుగు ముద్దలు తిన్నాడు. అల్లుడు రాయిని చుట్టబోతూ, “తీస్కపోదమా మామా?” అని అడిగాడు.

“ఉండనియ్. అచ్చినంక చూద్దాం.”

ఆ చూద్దాం అన్న మాటకు అల్లుడు తల వంచుకున్నాడు. డప్పు మోగింది, జనమంతా జై తెలంగాణ అని చేతులెత్తారు. నేనూ ఎత్తాను. చేతిలో ఉలి ఉంది. దాన్ని అక్కడే హైవే మీద పారేద్దామనుకున్నాను గానీ ఇంకా రెండు రోళ్లు మిగిలి ఉన్నాయి.

సాబు కంటి కోసం కొండగట్టు అంజన్నకు ఒకటి, మా ఊరి దర్గాకు ఒకటి మొక్కాను. ఊళ్లో మాత్రం నా పేరు మోగిపోయింది. బావి దగ్గర ఒకామె కోడిగుడ్డు చేతిలో పట్టుకుని, “అవ్వా, నున్నగున్నది, జర కక్కు కొడ్తవా?” అంటే, ఇంకొకామె తన మొగుడి బట్టతల చూపించింది. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఇంకెన్ని తెచ్చి చూపిస్తారో.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి, కరెంటు వచ్చింది, మిక్సీలు మళ్లీ మొదలయ్యాయి. సాబు హైదరాబాద్ నుంచి వచ్చాడని తెలిసింది. కన్ను రాలేదని కూడా తెలిసింది. వెలుగు, నీడ తెలుస్తాయట, అంతే. నేను పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోను? రాయిని మంచం కింద తోసి, అది అక్కడ లేనట్టు తిరిగాను. ఊడ్చినప్పుడల్లా చీపురు దానికి తగిలేది.

చివరికి మా బిడ్డే దాన్ని బయటికి లాగింది. “పో అవ్వా. కొడ్తె కొడ్తడు, తిడ్తె తిడ్తడు. గిది ఈడుంటె పొత్రానికి గూడ పనికి రాదు.”

బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దుకాణంలో గడియారాలు పోయి ఫోను కవర్లు వేలాడుతున్నాయి, అల్లుడు అమ్ముతున్నాడు. సాబు వెనక వరండాలో చాప మీద ఉన్నాడు. నా అడుగు చప్పుడుకే తల ఎత్తాడు.

“సుత్తె సంచి మోగుతున్నది. చెల్లెనా?”

రాయిని ఆయన చేతుల్లో పెట్టాను. బరువు చూశాడు. నడిమధ్య ఆవగింజను బొటనవేలితో వెతికి పట్టుకున్నాడు. అక్కడి నుంచి వేలు చుట్టలు తిరుగుతూ బయటికి వచ్చింది, ఒక్కో చార ఎక్కి దిగుతూ. రోడ్డు మీద కన్ను ఆగినచోటే వేలూ ఆగింది.

“ఈడిదాంక అది. ఈడికెల్లి నువ్వు.”

నాకు ఏడుపొచ్చింది. ఆయన భార్య టీ తెచ్చి నా పక్కన పెట్టి, “ఏడ్వకు చెల్లె, ఉప్పునీళ్లు పడ్తె గా రాయికి ఇంకేమైతదో” అంది. సాబు నవ్వాడు. అంతకుముందు నవ్వి ఎన్నాళ్లయిందో, ఆమె ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడింది.

సాబు రాయిని తిరగేశాడు. ఉత్త రాయి ఉన్న పక్క. అరచేత్తో దాన్ని తట్టాడు.

“గీ ముఖం ఎవ్వలు ముట్టలె గద? టైరు ముట్టలె, నువ్వు ముట్టలె.”

“లేదు సాబు.”

“మరి కూసో.”

“నాతోని వద్దు సాబు. నా చెయ్యి నా మాట ఇంటలేదు.”

“నీ చెయ్యి ఇనకపోతె నా వేలు జెప్తది. నత్త ఏడ బయటపడ్తె ఆడ నా వేలు వెడ్త. వేలున్న కాడ కొట్టకు. అంతే.”

అట్లా మొదలైంది. వారం వారం ఆ వరండాలో ఇద్దరం రాయికి అటొకరం ఇటొకరం. పైరాయి పెంకు ఊడగానే ఆయన బొటనవేలు వచ్చి ఆ చార మీద కూర్చునేది. నేను దాని ముందర కొట్టేదాన్ని. చుట్ట సాగినకొద్దీ వేలు జరిగేది. ఒక చార బయటపడగానే, నేను చూసే లోపలే ఆయన “ఇగో, ముందటికే వాలింది” అనేవాడు. మధ్యమధ్యలో నా చేతికి పాత ఊపు వచ్చేది. టక టక. “అబ్బా!” అని కేక వినబడేది. ఆయన భార్య లోపలి నుంచి పసుపు డబ్బా తెచ్చేది. చేయి తీయమంటే తీసేవాడు కాదు. ఇంకో చేతితో వేలికి పసుపు అద్దించుకుని, ఆ వేలిని మళ్లీ అక్కడే పెట్టేవాడు.

ఆ నత్త ఇప్పుడు వాళ్ల బీరువాలో ఉంది, రెండో ముఖం బయటికి పెట్టి. ఎవరైనా వస్తే సాబు దాన్ని ఒళ్లోకి తెప్పించుకుని, నడుమ నుంచి బయటి అంచు దాకా వేలితో తిప్పి చూపిస్తాడు. వేలు ఎక్కడా ఆగదు. ఆ ముఖం మీద నా గాటు ఒక్కటి లేదు. నా గాట్లు చూడాలనుకునేవాళ్లు సాబు బొటనవేలు చూడాలి. అన్నీ ఎడమకే వాలి ఉంటాయి.